మా అపార్ట్‌మెంట్‌లో స్టెమ్ సెల్స్ గురించి అరగంట మాట్లాడాలి. ఏం చెప్పను?

హబ్సిగూడ_సారు
సర్కారు హైస్కూల్లో ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. నా బాధ ఇది. పోయిన ఆదివారం మా సెల్లార్‌లో ఓ టేబులు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, నవ్వుతున్న పసిపాప ఫ్లెక్సీ వెలిశాయి. బొడ్డు తాడు రక్తం దాచిపెట్టే కంపెనీ వాళ్లట, అందులో స్టెమ్ సెల్స్ ఉంటాయట. సమోసా, చాయ్ ఫ్రీ. టై కట్టుకున్న కుర్రాడు మైకు పట్టుకుని "80 జబ్బులకు మందు మీ పాప బొడ్డు తాడులోనే ఉంది మేడమ్, చెత్తబుట్టలో వేసేస్తారా?" అని అడుగుతుంటే, ఏడో నెలలో ఉన్న మా ఎదురు ఫ్లాట్ అమ్మాయి ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు నిలబడింది.

ఆ సాయంత్రమే కింది ఫ్లోర్ ఆయన వచ్చాడు. వాళ్ల బాబుకి ఆరేళ్లు, ఆటిజం. ఏదో క్లినిక్‌లో స్టెమ్ సెల్స్ ఎక్కిస్తామన్నారట. నాలుగు విడతలు, ఆరు లక్షలు. "మీరు సైన్స్ సారు కదా, చేయించమంటారా?" అన్నాడు. నేను చెప్పిన పుస్తకాల్లో ఆ మాటే లేదు. చాయ్ తాగి వెళ్లండి అన్నాను. సిగ్గేసింది.

వచ్చే రెండో ఆదివారం అసోసియేషన్ మీటింగ్ అయ్యాక అరగంట ఇస్తానన్నాడు సెక్రటరీ. పెన్షనర్లు, సాఫ్ట్‌వేర్ పిల్లలు, వాచ్‌మన్ ఇంటివాళ్లు అందరూ ఉంటారు. ఏం చెప్పాలి, ఎట్లా చెప్పాలి?

గోల్కొండ_గోలీసోడా
ముందు సమోసాల సంగతి చూడండి సారూ. లేకపోతే మీటింగ్ అవ్వగానే జనమంతా లిఫ్ట్ దగ్గరే.

ల్యాబ్‌కోటు
నేను ఈ పనిలోనే ఉన్నాను, తార్నాక వైపు. ఒక్క మాట ఒప్పుకోవాలి. ఈ ఊళ్లో స్టెమ్ సెల్స్ గురించి జనానికి పాఠం చెబుతున్నది అమ్మేవాళ్లే. జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఓపెన్ డే పెడితే స్కూలు పిల్లలు బస్సుల్లో వస్తారు, బాగానే ఉంటుంది. కానీ కడుపుతో ఉన్న అమ్మాయి దగ్గరికి, మోకాళ్లు అరిగిన పెద్దాయన దగ్గరికి సెల్లార్ దాకా వెళ్లేది ఆ టై కుర్రాడే. మేం ఇంగ్లిష్‌లో పేపర్లు రాసుకుంటూ కూర్చున్నాం.

సారూ, మొదట రక్తంతో మొదలుపెట్టండి. మన ఎముకల మూలుగలో సెకనుకు దాదాపు 20 లక్షల ఎర్ర రక్తకణాలు పుడుతుంటాయి. ఒక్కో కణం 120 రోజులు బతుకుతుంది, పోతుంది. మరి ఆ కొత్తవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయి అని అడగండి. అక్కడుండే తల్లి కణాలే స్టెమ్ సెల్స్. వాటికి రెండు గుణాలు. తమలాంటివే మళ్లీ పుట్టించుకోవడం, వేరే రకం కణంగా మారడం. ఇలాంటివి ఉన్నాయని 1961లో టొరంటోలో టిల్, మెక్‌కలక్ అనే ఇద్దరు ఎలుకల మీద పని చేసి చూపించారు. అంటే ఇది నిన్న మొన్నటి వింత కాదు.

డౌట్_రాజా
మూలకణాలు అంటారు కదా తెలుగులో. ఆ మాట వాడితే పోలా?

గోల్కొండ_గోలీసోడా
మా మేనమామకి అదే చెప్పా. "మూలశంకకి కొత్త మందు వచ్చిందా?" అని ఆశగా అడిగాడు.

హబ్సిగూడ_సారు
నవ్వొచ్చినా నిజమే. మా ఫస్ట్ ఫ్లోర్ పెద్దమ్మగారు కూడా అలాగే అనుకునే రకం. స్టెమ్ సెల్స్ అనే అంటాను, పక్కన తల్లి కణాలు అని చెప్తాను.

కూకట్‌పల్లి_కోడలు
పోలిక కావాలంటే దోసె పిండి చెప్పండి సారూ. ఒకటే పిండి. ఇడ్లీ వేస్తే ఇడ్లీ, దోసె పోస్తే దోసె, పునుగులు, ఉతప్పం. స్టెమ్ సెల్ కూడా అంతే కదా?

ల్యాబ్‌కోటు
సగమే కుదిరిందక్కా. పిండి వాడితే అయిపోతుంది. స్టెమ్ సెల్ అయిపోదు, తనని తాను మళ్లీ పుట్టించుకుంటుంది.

తోడుపెరుగు
నా పేరే జవాబు. రాత్రి గిన్నెలో ఒక స్పూన్ మిగిల్చి పాలలో వేస్తే పొద్దున్నకి మళ్లీ గిన్నెడు. మా అత్తగారి తోడు వరంగల్ నుంచి వచ్చి పద్నాలుగేళ్లయింది, ఇంకా నడుస్తోంది.

డౌట్_రాజా
కానీ తోడు ఎప్పుడూ పెరుగే అవుతుంది. పునుగు కాదుగా.

ల్యాబ్‌కోటు
అందుకే రెండూ కలిపి చెప్పండి. రాత్రి కొంచెం పిండి మిగిల్చి కొత్త పిండిలో కలిపేవాళ్లు కూడా ఉంటారు కదా, అదీ స్టెమ్ సెల్ అంటే. ఇక్కడ ఇంకో ముఖ్యమైన సంగతి. మూలుగలో ఉండే తల్లి కణం రక్తంలోని రకాలను పుట్టిస్తుంది. దాన్ని తీసుకెళ్లి మెదడు దగ్గర వదిలితే మెదడు కణం అయిపోదు. అమ్మేవాళ్లు దాటేసేది సరిగ్గా ఈ వాక్యమే. "స్టెమ్ సెల్ ఏదైనా అవుతుంది" అంటారు. ఏదైనా అయ్యేవి వేరే ఉన్నాయి, అవి పిండం నుంచి వచ్చేవి. 1998లో అమెరికాలో జేమ్స్ థామ్సన్ మనిషి పిండం నుంచి వాటిని తీసి పెంచాడు.

డౌట్_రాజా
అంటే పిల్లల్ని చంపి తీస్తారా? వాట్సాప్‌లో అట్లనే వచ్చింది.

ల్యాబ్‌కోటు
కాదు. సంతానం లేనివాళ్లకు ఐవీఎఫ్ చేసినప్పుడు మిగిలిపోయిన, ఐదారు రోజుల వయసున్న పిండాలు. కంటికి సరిగ్గా ఆనవు, చుక్క అంత. అవి కూడా ఆ దంపతులు రాసిచ్చి దానం చేస్తేనే. మన దేశపు మార్గదర్శకాల ప్రకారం 14 రోజులు దాటి ల్యాబ్‌లో పెంచకూడదు, మనిషిని క్లోన్ చేయకూడదు. అయినా అది తప్పే అని కొందరి నమ్మకం. దాని మీద వాదన ఉంది, ఉండనివ్వండి.

ఆ వాదనకు సగం దారి చూపించినవాడు జపాన్‌లో యమనాక అనే శాస్త్రవేత్త. మామూలు చర్మ కణంలోకి నాలుగు జన్యువులు పంపి దాన్ని వెనక్కి, పిండం దశ కణంలా మార్చేశాడు. 2006లో ఎలుకలో, 2007లో మనిషి కణాల్లో. 2012లో నోబెల్ వచ్చింది.

కూకట్‌పల్లి_కోడలు
అంటే ఇడ్లీని మళ్లీ పిండి చేశాడన్నమాట!

ల్యాబ్‌కోటు
అక్కా, ఈ మాట నేను వాడేసుకుంటున్నా.

సున్నం_డబ్బా
పోలికలు తర్వాత. కళ్లముందు జరిగింది చెప్తా. మా అక్క కొడుకు, అప్పుడు ఏడేళ్లు. నాయనమ్మ పాన్‌దాన్ పక్కన సున్నం ప్యాకెట్ ఉంటే నొక్కాడు. ప్లాస్టిక్ చిట్లి మొత్తం కుడి కంట్లో పడింది. మావాళ్లు గాబరాలో కొబ్బరినూనె పోశారు. అదే పెద్ద తప్పు. కుళాయి కింద అరగంట కడగాల్సింది. నల్లగుడ్డు మీద తెల్లగా పొర కమ్మింది, ఎర్రటి నరాలు పాకాయి. వెలుతురు ఉందా లేదా అన్నది తప్ప ఏం తెలిసేది కాదు.

బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. నల్లగుడ్డుకి, తెల్లగుడ్డుకి మధ్య అంచులో కంటి తల్లి కణాలు ఉంటాయట. సున్నం వాటిని కాల్చేసింది. కాబట్టి పైపొర మళ్లీ రావడం లేదు. బాగున్న ఎడమ కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీశారు. దాన్ని ఇంకా చిన్న ముక్కలు చేసి, కుడి కంటి మీద ఒక పలచటి పొర పరిచి దాని మీద జిగురుతో అంటించారు. ఆ పొర ఏంటో తెలుసా, ఎవరో తల్లి కాన్పు అయ్యాక దానం చేసిన మాయ నుంచి తీసింది. ఆ ముక్కల నుంచే కణాలు పాకి కొత్త పైపొర వచ్చింది. ఇప్పుడు వాడు ఇంటర్. ఆ కన్ను ఎడమదంత బాగా కనబడదు గానీ బస్సు నంబరు చదువుతాడు.

హబ్సిగూడ_సారు
ఇది చాలు నాకు! మన ఊళ్లోనే జరిగిందని చెప్తే ఎవరు మాత్రం వినకుండా ఉంటారు?

ల్యాబ్‌కోటు
మన ఊళ్లో జరగడమే కాదు, మన ఊళ్లోనే పుట్టింది. ఎల్వీ ప్రసాద్‌లో 2001 నుంచి ఆ కంటి అంచు కణాలను ల్యాబ్‌లో పెంచి అతికేవారు. దానికి పెద్ద ల్యాబ్, ఖర్చు. 2012లో సంగ్వాన్, ఆయన సహచరులు ల్యాబ్ అక్కర్లేని ఈ చిన్న పద్ధతి ప్రచురించారు, ముక్కల్ని నేరుగా కంటి మీదే పెంచడం. దీన్ని స్లెట్ అంటారు. ఇప్పుడు వేరే దేశాల్లోనూ చేస్తున్నారు. సారూ, మీ మీటింగ్‌లో సున్నం ప్యాకెట్ మాట తప్పకుండా చెప్పండి. పిల్లలకు అందకుండా పెట్టడం, పడితే వెంటనే నీళ్లతో కడగడం. స్టెమ్ సెల్స్ మాట మర్చిపోయినా ఇది గుర్తుంటే చాలు.

మోకాలి_మొర
ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరైనా. రెండు మోకాళ్లు పోయినయ్. పోయిన ఏడాది ఒక క్లినిక్‌లో స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు చేయించుకున్న. ఒక్కో మోకాలికి 60 వేలు. నాకు తగ్గింది. మెట్లు ఎక్కుతున్న. మీరంతా మోసం మోసం అంటున్నరు, నా కాళ్లు అబద్ధం చెప్తాయా?

గోల్కొండ_గోలీసోడా
మా తాత చేప మందు మింగి దమ్ము తగ్గిందన్నాడు, ఏటా మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో క్యూ. అది కనీసం ఉచితం డ్రైవరన్నా.

మోకాలి_మొర
తాతను ఎగతాళి చెయ్యకు తమ్మీ.

ల్యాబ్‌కోటు
గోలీసోడా, ఆగు. అన్న చెప్పింది తీసి పారేసేది కాదు. మోకాళ్ల అరుగుదలకు ఒక స్టెమ్ సెల్ మందుకు 2022లో మన దేశంలో అనుమతి వచ్చింది. బెంగళూరులో తయారైంది. దాతల మూలుగ నుంచి తీసిన కణాలు, ట్రయల్స్ నడిచాకే ఇచ్చారు. కాబట్టి మోకాలి ఇంజెక్షన్లన్నీ బూటకం అనడం కూడా తప్పే. కానీ అన్నా, మీకు ఇచ్చింది అదేనా? బిల్లు మీద ఏం రాసుందో ఒకసారి చూడండి.

మోకాలి_మొర
బిల్లు బీరువాలో ఉంది. చూసి చెప్త.

కూకట్‌పల్లి_కోడలు
ఇక నా సంగతి. 2019లో బాబు పుట్టినప్పుడు నేనూ కట్టాను. 70 వేలు, ఈఎంఐ మీద. ఆ టేబుల్ దగ్గర మీ ఎదురింటి అమ్మాయి మొహం ఎలా ఉందో నాకు తెలుసు సారూ, నాదీ అలాగే ఉండి ఉంటుంది. మా ఆయన వద్దన్నాడు. నేనే ఏడ్చి కట్టించాను. రేపు ఏదైనా అయితే అమ్మ డబ్బు చూసుకుంది అనుకోవాలి కదా. తప్పు చేశానా? నిజం చెప్పండి.

ల్యాబ్‌కోటు
తప్పు మీది కాదక్కా. మన దేశపు వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లోనే రాసింది, సొంతానికి ముందు ముందు పనికొస్తుందని బొడ్డు తాడు రక్తం దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని. 2018లో పిల్లల డాక్టర్ల సంఘం కూడా దాదాపు అదే చెప్పింది. ఎందుకంటే, తలసేమియా లాంటి పుట్టుకతో వచ్చే జబ్బు ఉంటే ఆ లోపం ఆ బొడ్డు తాడు రక్తంలోనూ ఉంటుంది. పాడైన పెరుగునే మళ్లీ తోడు వేసుకున్నట్టు. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌లో కూడా బిడ్డ సొంత రక్తం మామూలుగా వాడరు, ఆ జబ్బు విత్తనం అందులోనే ఉండొచ్చు. ఇంకా, దొరికేది చిన్న మోతాదు. బరువున్న పెద్దవాళ్లకు తరచూ చాలదు. తన రక్తం తనకే అవసరమయ్యే అవకాశం 2,500 మందిలో ఒకరి నుంచి 2 లక్షల మందిలో ఒకరి వరకు అని లెక్కలు వేశారు.

80 జబ్బులు అన్నది పూర్తి అబద్ధం కాదు, అదే దాని చాకచక్యం. రక్తపు తల్లి కణాలతో నయం చేసే జబ్బులు చాలానే ఉన్నాయి. కానీ వాటిలో చాలావాటికి కావాల్సింది వేరొకరి కణాలు, బిడ్డవి కాదు.

కూకట్‌పల్లి_కోడలు
పాడైన తోడు అన్నారు, అర్థమైంది. మా ఆయనకి ఈ థ్రెడ్ చూపించను.

రెండు_చుక్కలు
ఒక్క మినహాయింపు ఉంది, అది మా ఇల్లు. మా పాపకి తలసేమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. రాజేంద్రనగర్ వైపు తలసేమియా సొసైటీకి వెళ్తే ఆ హాల్లో మంచాల మీద పిల్లలు, ఒక చేతికి సూది, ఇంకో చేతిలో ఫోను. ఎక్కించిన రక్తం వల్ల ఇనుము పేరుకుపోతుంది, దానికి వేరే మాత్రలు. ఇట్లాంటి ఇంట్లో రెండో బిడ్డ పుడితే ఆ బొడ్డు తాడు రక్తం దాచమని డాక్టర్లే చెప్తారు. అక్కకి పనికొస్తుందేమో అని, తనకోసం కాదు. మొట్టమొదటి బొడ్డు తాడు రక్త మార్పిడి కూడా అంతే, 1988లో పారిస్‌లో, పుట్టిన చెల్లెలి రక్తం అన్నకి.

మా బాబు పుట్టాడు. హెచ్ఎల్ఏ కలవలేదు, అంటే ఒకరి కణాలు ఇంకొకరికి సరిపోతాయో లేదో చెప్పే గుర్తులు. తోబుట్టువులకు కలిసే అవకాశం నాలుగింట ఒకటి. మేం మిగతా మూడులో పడ్డాం.

కూకట్‌పల్లి_కోడలు
అక్కా... ఏం అనాలో తెలియడం లేదు.

రెండు_చుక్కలు
ఏం అనొద్దు. సారు మీటింగ్‌లో ఒకటి చెప్పించండి. కడుపుతో ఉన్నవాళ్లు మొదటి నెలల్లోనే హెచ్‌బీఏ2 పరీక్ష చేయించుకోవాలి, తలసేమియా లోపం మనలో దాగి ఉందా అని చూసే రక్త పరీక్ష. భార్యాభర్తలిద్దరూ వాహకులైతేనే, అంటే జబ్బు లేకపోయినా ఇద్దరిలోనూ ఆ లోపం ఉంటేనే ప్రమాదం. 70 వేలు కాదు, ఆ పరీక్షకు కొన్ని వందలే. ఆ టేబుల్ దగ్గర ఇది ఎవరూ చెప్పరు.

వార్డు_నర్సమ్మ
ట్రాన్స్‌ప్లాంట్ వార్డులో పదకొండేళ్లుగా ఉన్నా. బోన్ మారో మార్పిడి అనగానే అందరూ ఆపరేషన్ అనుకుంటారు, ఎముక కోసి మారుస్తారని. మార్పిడి రోజు బంధువులు దేవుడి పటాలు పట్టుకుని బయట కూర్చుంటారు. లోపల జరిగేది ఏంటంటే, స్టాండుకి ఒక చిన్న సంచి వేలాడుతుంది, మామూలు రక్తం ఎక్కినట్టే ఎక్కుతుంది. "ఇంతేనా సిస్టర్?" అంటారు. ఇంతే. అసలు కష్టం ముందు ఇచ్చే కీమోలో, తర్వాత వారాల తరబడి ఇన్ఫెక్షన్ రాకుండా కాచుకోవడంలో ఉంది. ఐస్‌లా గడ్డకట్టించి దాచిన కణాలు ఎక్కిస్తే గదంతా వెల్లుల్లి వాసన, దాచడానికి కలిపే రసాయనం వల్ల. కొత్తగా వచ్చిన ఆయాలు "ఎవరు పచ్చడి తెచ్చారు?" అని తిడతారు.

దాత సంగతి కూడా చెప్తా, అది విని జనం పారిపోతారు కాబట్టి. వెన్నెముకలోంచి తియ్యరు. ఇప్పుడు ఎక్కువగా ఐదు రోజులు ఇంజెక్షన్ ఇస్తారు, మూలుగలోని తల్లి కణాలు రక్తంలోకి వస్తాయి. ఒళ్లు నొప్పులు, జ్వరం వచ్చినట్టు ఉంటుంది. తర్వాత ఒక చేతి నుంచి రక్తం తీసి, మిషన్‌లో ఆ కణాలు మాత్రం వేరు చేసి, మిగతాది ఇంకో చేతికి ఎక్కిస్తారు. నాలుగైదు గంటలు. ఒక సినిమా, సగం నిద్ర.

హబ్సిగూడ_సారు
దాతగా పేరు ఎట్లా ఇవ్వాలమ్మా? మా సాఫ్ట్‌వేర్ పిల్లలు అడుగుతారు.

వార్డు_నర్సమ్మ
దాత్రి లాంటి రిజిస్ట్రీలు ఉన్నాయి సార్. బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది ఇవ్వడమే. కానీ ఒకటి గట్టిగా చెప్పండి. ఫొటో దిగడం కోసం పేరు ఇవ్వొద్దు. ఏళ్ల తర్వాత ఫోన్ వస్తుంది, "మీది కలిసింది" అని. అప్పుడు ఇంట్లోవాళ్లు వద్దన్నారని వెనక్కి పోతే అవతల ఆ కణాల కోసం ఎదురుచూస్తున్న మనిషి ఏం కావాలి? నేను చూశాను అలాంటిది. ముందే ఇంట్లో మాట్లాడుకుని రావాలి.

గోల్కొండ_గోలీసోడా
నేను మూడేళ్ల కింద కాలేజీలో ఇచ్చా. టీషర్ట్ ఇచ్చారు. ఫోన్ వస్తుందని ఇప్పుడు భయం పట్టుకుంది మీ మాటకి.

వార్డు_నర్సమ్మ
వస్తే వెళ్లు బాబూ.

గోల్కొండ_గోలీసోడా
వెళ్తా అక్కా. ఇది జోక్ కాదు.

నందుగాడి_అమ్మ
మొదటి పోస్ట్ చదివినప్పటి నుంచి రాయాలా వద్దా అనుకుంటున్నా. మీ కింది ఫ్లోర్ ఆయన స్థానంలో మేం ఉన్నాం, నాలుగేళ్ల కింద. నందుకి ఆటిజం. నాలుగున్నర లక్షలు కట్టాం, నా గాజులు పోయాయి. తుంటి ఎముక నుంచి మూలుగ తీసి, వెన్నులోకి ఎక్కించారు. వాడు మూడు రోజులు తల పట్టుకుని ఏడ్చాడు, నొప్పి అని చెప్పడం కూడా రాదు.

రెండో నెలలో "అమ్మ" అన్నాడు. ఇల్లంతా పండగ. క్లినిక్ వాళ్లు వీడియో తీసి పెట్టుకున్నారు, ఇప్పటికీ ఎవరికో చూపిస్తుంటారేమో. కానీ వాళ్లే సూది వేసిన రోజు నుంచి స్పీచ్ థెరపీ వారానికి రెండు నుంచి ఐదుకి పెంచమన్నారు. నేను ఉద్యోగం మానేసి రోజంతా వాడితోనే ఉన్నాను. మరి "అమ్మ" అన్నది సూది వల్లా, థెరపీ వల్లా, నా వల్లా? ఎవరు చెప్తారు? మా థెరపిస్ట్ తర్వాత చెప్పింది, సూది వేయని పిల్లలకి కూడా అంతే థెరపీ ఇచ్చి పోల్చి చూడాలి, దాన్నే ట్రయల్ అంటారు అని. నాలుగున్నర లక్షలకు ఆ ఒక్క ముక్క నేర్చుకున్నా.

మీరు "మోసం, వెళ్లొద్దు" అని చెప్పేసి కూర్చుంటారు. మాకు అప్పుడూ అట్లా చెప్పినవాళ్లు ఉన్నారు. కానీ ఆ రాత్రి పడుకునే ముందు మేం చేయగలిగింది ఏంటో ఒక్కరూ చెప్పలేదు. క్లినిక్ వాడు చెప్పాడు. అందుకే వెళ్లాం.

ల్యాబ్‌కోటు
అమ్మా, ఇది చదివాక నా మొదటి పోస్ట్ చిన్నగా అనిపిస్తోంది. 2022లో జాతీయ వైద్య కమిషన్ వాళ్ల బోర్డు ఆటిజంకి స్టెమ్ సెల్ చికిత్స సిఫారసు చేయడం లేదని చెప్పింది. ట్రయల్ బయట డబ్బు తీసుకుని ఇవ్వడం తప్పని ఐసీఎంఆర్ అంతకు ముందే చెప్పింది. కానీ మీరడిగింది అది కాదని తెలుసు.

నందుగాడి_అమ్మ
కాదు. అయినా ఆ కాగితం కూడా చెప్పండి, కొందరికి కాగితం కావాలి. సారూ, ఒక్క మనవి. మీ కింది ఫ్లోర్ ఆయన్ని మీటింగ్‌లో అందరి ముందు ఉదాహరణగా పెట్టొద్దు. విడిగా వెళ్లండి. ఆ ఆరు లక్షలతో స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ ఎన్ని నెలలు వస్తుందో పక్కన కూర్చుని లెక్క వేయండి. నా నంబర్ మీకు మెసేజ్‌లో పెడతాను, వాళ్ల ఆవిడని ఫోన్ చేయమనండి.

హబ్సిగూడ_సారు
తప్పకుండా అమ్మా. రేపే వెళ్తాను.

డౌట్_రాజా
ఒక డౌట్. ఒక క్లినిక్ వెబ్‌సైట్‌లో "సీటీఆర్ఐలో నమోదైన ట్రయల్" అని రాసుంది. అంటే ప్రభుత్వం ఓకే అన్నట్టే కదా?

ల్యాబ్‌కోటు
కాదు. సీటీఆర్ఐ అంటే దేశంలో జరిగే ట్రయల్స్ పేర్లు రాసుకునే రిజిస్టర్. పేరు రాసుకోవడం వేరు, ఫలితం రుజువవడం వేరు. ఒక ప్రశ్న అడిగితే చాలా వరకు తేలిపోతుంది: "ట్రయల్ అయితే నా దగ్గర డబ్బెందుకు తీసుకుంటున్నారు?" ఇంకా, ఒకే సూదితో మోకాలికి, షుగర్‌కి, పక్షవాతానికి, ఆటిజానికి అన్నారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మన కణాలే కదా, పనిచేయకపోయినా నష్టం లేదు అంటారు, అదీ నమ్మొద్దు. అమెరికాలో ఫ్లోరిడాలో ముగ్గురు ఆడవాళ్లకి సొంత కొవ్వు నుంచి తీసిన కణాలే కళ్లలో వేశారు. ముగ్గురికీ చూపు చాలావరకు పోయింది. 2017లో వైద్య పత్రికలో వచ్చింది. వాళ్లు ఒక్కొక్కరూ 5,000 డాలర్లు కట్టారు.

మోకాలి_మొర
బిల్లు దొరికింది. పీఆర్‌పీ అని ఉంది. స్టెమ్ అన్న మాట ఎక్కడా లేదు. బోర్డు మీద మాత్రం ఇంతింత అక్షరాలు.

ల్యాబ్‌కోటు
అన్నా, పీఆర్‌పీ అంటే మీ రక్తమే తీసి, ప్లేట్‌లెట్లు ఎక్కువుండే భాగం వేరు చేసి ఎక్కించడం. స్టెమ్ సెల్ కాదు. కొందరికి కొంత ఉపశమనం ఉంటుంది. మీకు తగ్గిందంటే సంతోషమే.

మోకాలి_మొర
నొప్పి తగ్గింది నిజం. లక్షా ఇరవై వేలు పోయింది నిజం. ఇప్పుడు బీపీ పెరుగుతోంది, దానికి ఏ సెల్లు ఎక్కించాలె?

గోల్కొండ_గోలీసోడా
అన్నా నిన్న ఎగతాళి చేసినందుకు సారీ. చాయ్ నా లెక్క.

హబ్సిగూడ_సారు
నిన్ననే అయింది. ఇరవై మూడు మంది వచ్చారు, వాచ్‌మన్ పిల్లలతో కలిపి. ప్రొజెక్టర్ ఆన్ కాలేదు, ఒకందుకు మంచిదే అయింది. తోడు గిన్నె ఒకటి, పిండి గిన్నె ఒకటి ఇంటి నుంచి తెచ్చుకున్నాను. ఫస్ట్ ఫ్లోర్ పెద్దమ్మగారు "అది మా ఇంటి గిన్నెలా ఉందే" అని మధ్యలో లేచారు. నిజమే, ఆవిడదే. పోయిన సంక్రాంతికి అరిసెలు పంపిన గిన్నె. అక్కడ ఐదు నిమిషాలు పోయాయి.

సున్నం ప్యాకెట్ కథ చెప్తుంటే హాలు నిశ్శబ్దమైపోయింది. వాచ్‌మన్ భార్య లేచి వెళ్లి, కిటికీలో ఉన్న సున్నం డబ్బా తీసి అటక మీద పెట్టి వచ్చింది, నేను మాట్లాడుతుండగానే. ఇడ్లీ మళ్లీ పిండి అవుతుందనగానే ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి "కంప్యూటర్లో అండూ కొట్టి వెనక్కి వెళ్లడమా అంకుల్?" అన్నాడు. అవునన్నాను. కరెక్టేనా?

ఎదురు ఫ్లాట్ అమ్మాయి ఆ 80 జబ్బుల గురించి అడిగింది. పాడైన తోడు మాట చెప్పాను. ఆమె అత్తగారు మాత్రం ఒప్పుకోలేదు. "అందరూ కడుతున్నారు, మనమే పిసినారులమా" అన్నారు. హెచ్‌బీఏ2 అప్పుడే చేయించుకుందట, మామూలుగానే ఉందట. మిగతాది వాళ్లింటి సంగతి.

కింది ఫ్లోర్ ఆయన మీటింగ్‌కి రాలేదు. అంతకు ముందే మూడుసార్లు వెళ్లి కూర్చున్నాను. లెక్క వేశాం. వాళ్ల ఆవిడ నందు అమ్మగారితో గంటన్నర మాట్లాడిందట. క్లినిక్‌లో కట్టిన అడ్వాన్సు ఇరవై వేలు వెనక్కి అడిగారు. "ఇవ్వం" అన్నారు వాళ్లు. ఆయన ఇంకా ఊగుతూనే ఉన్నాడు. మొన్న రాత్రి "సారూ, ఒక్క విడత చేయించి చూస్తే?" అన్నాడు. నేను ఏం అనలేదు. బాబుతో కాసేపు బంతి ఆడి వచ్చాను.

నందుగాడి_అమ్మ
ఆవిడ ఈ రోజు కూడా ఫోన్ చేసింది. మళ్లీ వెళ్లండి సారూ.

ల్యాబ్‌కోటు
అండూ కరెక్టే. నేను వాడే పోలికలన్నిటికంటే బాగుంది.

హబ్సిగూడ_సారు
ఇంకో సంగతి. ఆ టేబుల్ వాళ్లు వచ్చే ఆదివారం మళ్లీ వస్తున్నారట, సెక్రటరీ అప్పుడే ఒప్పేసుకున్నాడు. ఈసారి సమోసా కాదు, మిర్చి బజ్జీ.

గోల్కొండ_గోలీసోడా
ఎన్నింటికి సారూ?

ల్యాబ్‌కోటు
నేను కూడా వస్తా. టేబుల్ పక్కన ఇంకో టేబుల్ వేయడానికి మీ సెక్రటరీ ఒప్పుకుంటాడా?

హబ్సిగూడ_సారు
అడుగుతా. పదకొండింటికి రండి. పిండి గిన్నె పెద్దమ్మగారు తీసుకెళ్లిపోయారు, ఒకటి మీరే తెచ్చుకోండి.